60 దాటాక వీడియోలు, ఇంటర్నెట్ మార్కెటింగ్ నేర్చుకోవడం: ముందు ఏ టూల్ పట్టుకోవాలి?

నమస్కారం. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీకు 61 ఏళ్లు నిండాయి. 30 ఏళ్లకు పైగా కుట్టు మిషన్లు బాగుచేశారు. ఇప్పుడు ఆ పనిని వీడియోలుగా తీసి, వాటి ద్వారా మీరు రాసుకున్న మరమ్మతు పుస్తకాన్ని, విడిభాగాలను ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటున్నారు. మూడు నెలల్లో ఇంటర్నెట్ మార్కెటింగ్ మీద రెండు కోర్సులు చూశారు, నోటుపుస్తకం నిండింది, కానీ కంప్యూటర్ ముందు కూర్చుంటే చేయి ఆడటం లేదు. ఈ వయసులో ఇది అబ్బుతుందా, అబ్బితే ముందుగా ఏ టూల్ నేర్చుకోవాలి అని అడిగారు. నేను ఈ పనిని 57వ ఏట మొదలుపెట్టాను, ఇప్పటికి 11 ఏళ్లయింది. ఈ మధ్యకాలంలో నా ఈడువారికి ఎంతోమందికి పక్కన కూర్చుని నేర్పాను. అబ్బుతుంది అని ఆ అనుభవంతోనే చెబుతున్నాను. అయితే ఏ టూల్ ముందు అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టమని కోరుతున్నాను, ఎందుకంటే మీరు ఆగిపోయింది టూల్ దగ్గర కాదు, నేర్చుకునే తీరు దగ్గర.

వయసు గురించి ఉన్నమాట చెప్పుకుందాం. వయసు పెరిగేకొద్దీ కొత్త సమాచారాన్ని అందుకునే వేగం తగ్గుతుంది, మూడు నాలుగు విషయాలను ఒకేసారి మనసులో పట్టుకోవడం కష్టమవుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త రేమండ్ కాటెల్ మేధాశక్తిని రెండుగా విడదీసి చూపారు: ఎదురుగా వచ్చిన కొత్త చిక్కును అప్పటికప్పుడు విప్పే శక్తి ఒకటి, ఏళ్ల తరబడి పోగుపడిన ఎరుక రెండోది. మొదటిది ముందుగా తగ్గుముఖం పడుతుంది, రెండోది చాలాకాలం నిలిచి ఉంటుంది. అమెరికాలో డెనిస్ పార్క్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనం మీ విషయానికి చాలా దగ్గరగా ఉంది. 60 నుంచి 90 ఏళ్ల మధ్య వయసువారిలో కొందరికి డిజిటల్ ఫొటోగ్రఫీని, కొందరికి గుడ్డ ముక్కలను కలిపి కుట్టే క్విల్టింగ్ పనిని, ఇంకొందరికి ఆ రెండింటినీ మూడు నెలల పాటు వారానికి సుమారు 15 గంటల చొప్పున నేర్పారు. కబుర్లతో, తేలికైన కాలక్షేపాలతో గడిపిన బృందాలతో పోల్చినప్పుడు వీరి జ్ఞాపకశక్తి మెరుగుపడినట్టు తేలింది. అందులో నేను పదే పదే తలచుకునేది ఆ గంటల లెక్క. వారానికి ఒక రోజు గంటసేపు కూర్చుని, మరుసటి వారానికి అంతా మరిచిపోయి, దానికి వయసును తప్పుపట్టేవారిని చాలామందిని చూశాను. ఆ లెక్కన పాతికేళ్ల కుర్రవాడు కూడా మరిచిపోతాడు.

ఇక కోర్సుల సంగతి. నేనూ మొదట్లో ఎక్కువ డబ్బు పోసి ఒక కోర్సు కొన్నాను, అందులో 90కి పైగా పాఠాలు ఉన్నాయి. ఆరు నెలల పాటు శ్రద్ధగా చూసి, ప్రతి మెనూ పేరూ రాసుకున్నాను. ఆరు నెలల చివర నా చేతిలో ఒక్క వీడియో కూడా లేదు. ఎదుటివాళ్లు చేస్తుంటే చూడటంలో అంతా తెలిసిపోయినట్టు అనిపిస్తుంది. ఆ అనిపించడాన్నే మనం నేర్చుకోవడం అనుకుంటాం. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు 2006లో చూపింది ఇదే: ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారికంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించినవారికి వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. దీన్ని మన పనికి అన్వయిస్తే, మూడు నిమిషాల పాఠం చూసి, దాన్ని మూసేసి, అదే పనిని చూడకుండా చేయడానికి కూర్చోవాలి. ఎక్కడ ఆగిపోయారో ఆ ఒక్క ముక్క కోసమే మళ్లీ తెరవాలి. మర్నాడు ఒకసారి, నాలుగో రోజున ఇంకోసారి అదే పని చేయాలి. నోటుపుస్తకంలో మీట ఏ మూలన ఉందో రాసుకోవద్దు, అప్‌డేట్ రాగానే ఆ మీట ఇంకోచోటికి పోతుంది. ‘క్లిప్‌ను రెండు ముక్కలు చేయడం’, ‘గొంతు పెంచడం’ అని ఆ పనిని రాసుకుంటే, కొత్త వెర్షన్‌లో కూడా ఆ మాటనే వెతికి పట్టుకోవచ్చు.

ముఖ్యమైన విషయానికి వస్తాను. టూళ్లను ఒక్కొక్కటిగా నేర్చుకోవద్దు, ఒక పనిని మొదటినుంచి చివరిదాకా నేర్చుకోండి. ఒక్క నిమిషం వీడియో ఫోన్‌తో తీయడం, దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం, అటూ ఇటూ కత్తిరించడం, ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయడం, అప్‌లోడ్ చేయడం, దానికి పేరు పెట్టడం: ఈ గొలుసు మొత్తం ఒకే రోజులో పూర్తి కావాలి. ఎంత నాసిగా వచ్చినా ఫరవాలేదు. పదిసార్లు అలా చేశాక ఆ గొలుసులో ఒక్కో లంకెను బాగుచేసుకోవచ్చు. నేను నేర్పినవారిలో దాదాపు అందరూ ఆగిపోయింది టూల్ లోపల కాదు, ఒక టూల్ నుంచి ఇంకోదానికి పోయే సందులో. ఫోన్‌లో తీసిన వీడియో కంప్యూటర్‌లో ఎక్కడ పడింది, ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్ ఏ ఫోల్డర్‌లోకి పోయింది, రెండింటిలో ఏది అసలుది: కన్నీళ్లు తెప్పించేవి ఇవే. కోర్సులు వీటి గురించి ఒక్క వాక్యం కూడా చెప్పవు.

ఒక ఉదాహరణ చెబుతాను. నా దగ్గర నేర్చుకున్న ఒకావిడ నాలుగు రోజులు కష్టపడి ఎనిమిది నిమిషాల వీడియోను ఎడిట్ చేశారు. అయిదో రోజు తెరిస్తే టైమ్‌లైన్ (వీడియో ముక్కలను వరుసగా పేర్చే పట్టీ) మీద క్లిప్పులన్నీ ఎర్రగా మారి, మీడియా ఆఫ్‌లైన్ అన్న మాటలు కనిపించాయి. మొత్తం పోయిందనుకుని ఆవిడ కంప్యూటర్ ఆపేసి నాకు ఫోన్ చేశారు. నిజానికి ఏమీ పోలేదు. ముందు రోజు రాత్రి శుభ్రంగా ఉండాలని వీడియోలున్న ఫోల్డర్ పేరు మార్చారు, అంతే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సాధారణంగా మీ వీడియోను తన లోపల దాచుకోదు. ఫలానా ఫోల్డర్‌లో ఫలానా ఫైల్ ఉందని చిరునామా మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది, కత్తిరింపులన్నీ ఆ చిరునామా మీద రాసుకున్న గమనికలు. ఇల్లు మారితే ఉత్తరం చేరనట్టే, ఫోల్డర్ మారితే క్లిప్ కనిపించదు. పాత పేరు మళ్లీ పెట్టగానే ఆవిడ వీడియో మొత్తం తిరిగొచ్చింది. కాబట్టి మొదటి రోజే ప్రతి వీడియోకు ఒక ఫోల్డర్ చేసి, దానికి తేదీ, విషయం పేరుగా పెట్టి, అందులో తీసినవి, శబ్దాలు, ప్రాజెక్టు, పూర్తయినది అని నాలుగు చిన్న ఫోల్డర్లు ఉంచుకోండి. పని మొదలయ్యాక వాటి పేర్లు మార్చవద్దు, చోటు మార్చవద్దు.

తీయడం విషయంలో బొమ్మ కంటే శబ్దం ముఖ్యం. కాస్త మసకగా ఉన్న వీడియోను జనం భరిస్తారు, మాట వినిపించకపోతే పది సెకన్లలో వెళ్లిపోతారు. ఫోన్‌కు తగిలించే మామూలు కాలర్ మైక్ చాలు. నోటికి జానెడు దూరంలో ఉంటే గది మోత తగ్గి గొంతు నిండుగా వస్తుంది. ఫ్యాన్ ఆపండి. మిషన్ నడుస్తున్నప్పుడు మాట్లాడకండి, ఆపాక చెప్పండి. అసలు రికార్డింగ్‌కు ముందు పది సెకన్లు తీసి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని విని చూడటం తప్పనిసరి అలవాటుగా చేసుకోండి. వైర్‌లెస్ మైక్‌లో ఛార్జింగ్ అయిపోయిందని తెలియక 40 నిమిషాల పాఠాన్ని మూగగా రికార్డు చేసుకున్న రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. కెమెరాను మీకు ఎదురుగా కాకుండా మీ భుజం మీదుగా, మీ చేతులు చూపించేలా స్టాండ్‌కు బిగించండి. అప్పుడు చూసేవారికి మిషన్ తమ ముందే ఉన్నట్టు, కుడిచేయి కుడివైపే ఉన్నట్టు కనిపిస్తుంది, మనసులో తిప్పుకుని చూడాల్సిన శ్రమ వారికి ఉండదు. వెలుతురు పక్కనుంచి పడితే స్క్రూ గాడి కూడా స్పష్టంగా వస్తుంది. ఫోన్ కెమెరా సెట్టింగ్‌లో వీడియో నాణ్యత 1080పి దగ్గర ఉంచితే సరిపోతుంది. అంతకంటే ఎక్కువ నాణ్యత అయిన 4కె పెడితే ఫైళ్లు బరువెక్కి, ఎడిటింగ్‌లో కంప్యూటర్ మొరాయించి, తప్పు మీదేనేమోనని మీరు బెంగపడతారు.

టూళ్ల పేర్లు అడిగారు కాబట్టి చెబుతాను, కానీ క్లుప్తంగా. ఎడిటింగ్‌కు షాట్‌కట్ ఉచితం, సాధారణ కంప్యూటర్ మీద నడుస్తుంది. డావించీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలా శక్తిమంతమైనది, అయితే దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ కావాలి, మొదటి ఆరు నెలలు దాని అవసరం మీకు రాదని నా అభిప్రాయం. కంప్యూటర్ తెరను రికార్డు చేయాల్సి వస్తే ఓబీఎస్ స్టూడియో, థంబ్‌నెయిల్, అంటే వీడియో తెరవకముందు కనిపించే ముఖచిత్రం, చేయడానికి కాన్వా. వీటిలో మీరు నేర్చుకోవలసినవి నాలుగే పనులు: కత్తిరించడం, అనవసరమైన ముక్క తీసేయడం, గొంతు సరిచేయడం, తెర మీద ఒక మాట వేయడం. సంగీతం వద్దు. ఎవరి పాటో వెనక పెడితే యూట్యూబ్‌లోని కంటెంట్ ఐడీ వ్యవస్థ దాన్ని గుర్తుపట్టి, ఆ వీడియో మీద వచ్చే ఆదాయాన్ని హక్కుదారులకు మళ్లించవచ్చు లేదా వీడియోనే ఆపవచ్చు. తప్పదనుకుంటే యూట్యూబ్ స్టూడియోలోనే ఉన్న ఆడియో లైబ్రరీ నుంచి తీసుకోండి.

కళ్ల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ‘నాకు అర్థం కావడం లేదు’ అని చెప్పినవారిలో కొందరికి నిజానికి కనిపించడం లేదు. దగ్గరి చూపు అద్దాలను పుస్తకం దూరానికి, అంటే సుమారు 40 సెంటీమీటర్లకు ఇస్తారు. కంప్యూటర్ తెర అంతకంటే దూరంగా, 60 సెంటీమీటర్లు ఆ పైన ఉంటుంది. ఆ అద్దాలతో తెర చూడటానికి మెడ ముందుకు చాచి, గంటకే తలనొప్పి తెచ్చుకుని, చదువు మీద విసుగు పెంచుకుంటారు. తెర దూరం కొలిచి, ఆ దూరానికి అద్దాలు కావాలని కంటి పరీక్షలో అడగండి. కంట్రోల్ మీటతో ప్లస్ గుర్తు నొక్కితే బ్రౌజర్‌లో అక్షరాలు పెద్దవవుతాయి. యూట్యూబ్ పాఠం వేగంగా పోతుంటే 0.75 వేగానికి తగ్గించుకోండి. కంప్యూటర్‌లో జె అక్షరం మీట నొక్కితే పది సెకన్లు వెనక్కి వస్తుంది, కె నొక్కితే ఆగుతుంది.

మార్కెటింగ్ అన్న మాట వినగానే మీకు బెరుకు కలిగిందని రాశారు. మీరు 30 ఏళ్లుగా చేసిందే అది. మిషన్ తీసుకుని వచ్చినవారు ఏం చెబుతారో మీకు తెలుసు. ‘టెన్షన్ (దారం బిగువు) అడ్జస్ట్‌మెంట్ సరిగా లేదు’ అని ఎవరూ అనరు. ‘కింద దారం గుత్తులు గుత్తులుగా చిక్కుపడుతోంది’ అంటారు. వాళ్లు కింది దారం చుట్టి ఉండే బాబిన్‌ను అనుమానిస్తారు. తప్పు ఎక్కువసార్లు పై దారంలో ఉంటుందని, గుడ్డను నొక్కిపట్టే ఫుట్ కిందికి దించి దారం ఎక్కిస్తే అది టెన్షన్ బిళ్లల మధ్యకు దిగక, బిగువు లేక కిందికి జారి గుత్తి కడుతుందని, ఫుట్ పైకెత్తి మళ్లీ ఎక్కిస్తే సరిపోతుందని మీకు తెలుసు. ఆ ఖాతాదారు అన్న మాటే మీ వీడియో పేరు. మీకు తెలిసిన కారణమే ఆ వీడియో. కీవర్డ్ రీసెర్చ్ అని కోర్సులు 20 పాఠాలుగా చెప్పేదానికి సారం ఇంతే: సమస్య ఉన్న మనిషి ఏ మాటలతో వెతుకుతాడో, ఆ మాటలతోనే పేరు పెట్టాలి. 30 ఏళ్ల వయసువారు ఈ మాటల కోసం సాఫ్ట్‌వేర్‌లు కొంటారు, మీకు అవి చెవుల్లోనే ఉన్నాయి. ఒక పుస్తకం తీసుకుని, మీకు గుర్తున్న ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే రాయండి, సొంతంగా దిద్దకండి. తర్వాత యూట్యూబ్ సెర్చ్ పెట్టెలో మొదటి రెండు పదాలు కొట్టి, కిందికి వచ్చే సూచనలు చూడండి. జనం వెతికే మాటలు అక్కడ కనిపిస్తాయి. మీ పుస్తకంలోని వాక్యాన్ని వాటితో పోల్చి పేరు ఖాయం చేసుకోండి.

పేరుకు 100 అక్షరాల వరకు చోటుంటుంది, కానీ ఫోన్ తెర మీద మొదటి భాగమే కనిపిస్తుంది, అందుకని సమస్యను ముందు పెట్టి, మిగతాది తర్వాత రాయండి. థంబ్‌నెయిల్ కొలత 1280 బై 720 పిక్సెళ్లు ఉంటే సరిపోతుంది. అందులో మీ ముఖం కంటే ఆ దారపు గుత్తి దగ్గరి ఫొటో ఎక్కువ పని చేస్తుంది, ఎందుకంటే చూసేవారు తమ మిషన్ కింద ఉన్నదాన్నే అందులో గుర్తుపడతారు. వీడియో పొడవుగా ఉంటే వివరణలో అధ్యాయాలు రాయండి: మొదటి సమయం 0:00తో మొదలవ్వాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కోటి పది సెకన్లకు తగ్గకూడదు. వారం తర్వాత యూట్యూబ్ స్టూడియోలో ఒక్క గ్రాఫ్ మాత్రం చూడండి, జనం ఏ సెకనులో వెళ్లిపోయారో చూపే గ్రాఫ్. వ్యూస్ సంఖ్యను రోజుకు పదిసార్లు చూడటం వల్ల మనసు పాడవుతుందే తప్ప పని మెరుగుపడదు. ఆ గ్రాఫ్ మాత్రం గురువులాంటిది. నా మొదటి వీడియోల్లో అందరూ 40వ సెకనులోపే వెళ్లిపోయేవారు, ఎందుకంటే అప్పటివరకు నేను నన్ను నేను పరిచయం చేసుకుంటూ ఉండేవాడిని. పరిచయం తీసేసి చెడిపోయిన వస్తువును మొదటి సెకనులోనే చూపించాక ఆ గీత నిలబడింది.

పుస్తకం అమ్మడం విషయంలో నా సలహా: వీడియోను నమ్మకం కోసం, ఈమెయిల్ జాబితాను అమ్మకం కోసం వాడండి. సబ్‌స్క్రైబర్లు యూట్యూబ్ వేదికకు చెందినవారు, రేపు నియమాలు మారితే వారికి మీ వీడియో చేరకపోవచ్చు. తమంతట తాము ఇచ్చిన ఈమెయిల్ చిరునామా మీ దగ్గరే ఉంటుంది. ఒక పేజీలో ‘దారం చిక్కుపడితే చూడవలసినవి’ అని ఉచిత పట్టిక చేసి, అడిగినవారికి మాత్రమే పంపండి. చిరునామాల జాబితాలు కొని ఎవరికీ పంపవద్దు, అది అమర్యాద, పైగా మీ ఉత్తరాలన్నీ స్పామ్‌లోకి పోతాయి. జీమెయిల్ 2024 నుంచి పెద్దమొత్తంలో పంపేవారికి ఒక్క నొక్కుతో జాబితా నుంచి తప్పుకునే ఏర్పాటును తప్పనిసరి చేసింది. పంపేది పదిమందికే అయినా మీరూ ఆ మర్యాద పాటించండి. ప్రకటనలకు డబ్బు పెట్టడం ఇప్పుడే వద్దు. ఉచితంగా వచ్చినవారిలో కొందరైనా పుస్తకం కొన్న తర్వాత, ఏ వీడియో చూసి కొన్నారో తెలిశాక ఆ ఆలోచన చేయవచ్చు.

యూట్యూబ్ ప్రకటనల ఆదాయం మీద ఆశ పెట్టుకోకండి. దానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ (చిన్న నిలువు వీడియోల) వ్యూస్ కావాలి. ఆ తర్వాత పొడవు వీడియోల ప్రకటనల ఆదాయంలో 55 శాతం మీకు వస్తుంది. మరమ్మతు వీడియోలను లక్షలమంది చూడరు, అవసరమున్నవారు చూస్తారు. మీ పనికి ఆ కొద్దిమందే కావాలి.

భద్రత విషయంలో మాత్రం కఠినంగా చెబుతున్నాను. ఛానల్‌ను మీ సొంత ఈమెయిల్‌తోనే తెరవండి. పిల్లల ఖాతాలోనో, సాయం చేసిన కుర్రవాడి ఖాతాలోనో తెరిచి, రెండేళ్ల తర్వాత తమ ఛానల్‌లోకి తామే వెళ్లలేకపోయినవారిని నేను చూశాను. పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. మీకు కాస్త పేరు రాగానే ‘మీ ఛానల్‌లో మా వస్తువును ప్రచారం చేయండి, వివరాలు ఈ ఫైల్‌లో ఉన్నాయి’ అని ఉత్తరాలు వస్తాయి. అలాంటి ఫైల్ తెరిస్తే బ్రౌజర్‌లో దాగిన లాగిన్ గుర్తును దొంగిలించి, పాస్‌వర్డ్ అడగకుండానే ఛానల్‌లోకి చొరబడతారు. గూగుల్ భద్రతా బృందం 2021లో ఈ మోసం గురించి వివరంగా రాసింది. తెలియనివారు పంపిన ఫైల్ ఏదీ తెరవవద్దు. ఇన్ని రోజుల్లో ఇంత ఆదాయం గ్యారంటీ అనే కోర్సు ఇంకోటి కనిపిస్తే దాన్నీ కొనవద్దు.

ఇంట్లో చిన్నవాళ్ల సాయం తీసుకోండి, కానీ మౌస్ మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి. వాళ్లు ప్రేమతోనే చేయి చాచి టకటకా నొక్కి ‘అయిపోయింది’ అంటారు, పని అవుతుంది, మీకు మాత్రం ఏమీ మిగలదు. ‘నువ్వు చెప్పు, నేను నొక్కుతాను’ అని ముందే ఒప్పందం చేసుకోండి. ఇది నా దగ్గర నేర్చుకునే అందరికీ మొదటి రోజున పెట్టే షరతు.

ఇక ఈ వారం పని. దారం గుత్తి గురించిన ఆ ఒక్క వీడియో తీయండి, రెండు నిమిషాలు మించనివ్వకండి. గొలుసు మొత్తం పూర్తి చేసి, దాన్ని అన్‌లిస్టెడ్‌గా, అంటే లింకు ఉన్నవారికి మాత్రమే కనిపించేలా అప్‌లోడ్ చేయండి. మీ పాత ఖాతాదారుల్లో ఇంట్లో మిషన్ ఉన్న ముగ్గురికి ఆ లింకు పంపి, బాగుందా అని అడగకుండా, అది చూస్తూ తమ మిషన్‌కు దారం తామే ఎక్కించుకోమని చెప్పండి. ఏ దగ్గర ఆగిపోయారో, ఏ మాట అర్థం కాలేదో రాసుకుని, ఆ చోటును మాత్రం ఇంకాస్త దగ్గరనుంచి మళ్లీ తీసి, పాత ముక్క స్థానంలో అతికించండి. ఆ రెండో వెర్షన్‌ను అందరికీ కనిపించేలా పెట్టండి. ఆ తర్వాత ఎక్కడ చిక్కుపడినా, ఆ తెర ఫొటోతో సహా ఇక్కడే రాయండి, చూసి జవాబిస్తాను.